గెలిచిన కేసు ఖర్చు లక్షా నలభై మూడు వేలు

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా చిన్నాయన ఒక బట్టల షాపు కవరు తెచ్చి నా ముందు కుమ్మరించాడు. రైలు టిక్కెట్లు, జిరాక్సు బిల్లులు, బెజవాడలో ఏదో లాడ్జీ రసీదులు, మధ్యలో మడతలు పడిపోయిన హైకోర్టు ఆర్డరు కాపీ ఒకటి. అన్నిటికంటే పైన మా పిన్నమ్మ చేతిరాతతో ఒక తెల్ల కాగితం. దాని చివర కూడిక: 1,43,000.

"చూడబ్బయా, నేను గెలిచిన కేసు ఇది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ నవ్వు చూసి నేను తిరిగి నవ్వలేకపోయాను.

ఆర్డరు ఇంగ్లీషులో ఉంది. చిన్నాయనకి ఇంగ్లీషు చదవడం వచ్చు, కోర్టు ఇంగ్లీషు రాదు. ఆ మాటకొస్తే నాకూ రాదు. అయితే చివరి వాక్యం మాత్రం ఇద్దరికీ అర్థమైంది. "ఖర్చుల విషయంలో ఎలాంటి ఉత్తర్వూ లేదు." ఈ వాక్యం చూసి చిన్నాయన అడిగిన ప్రశ్నే ఈ టపా. "తప్పు వాళ్ళదేనని ఆరు పేజీలు రాసినాయన, ఆ తప్పు తేల్చేదానికి అయిన డబ్బు ఎవురిదో ఒక్క లైను రాయలేడా?"

మాది కొడవలూరు. నెల్లూరులో పెన్న దాటి, కోవూరు దాటి ఉత్తరానికి పోతే వస్తుంది. రాచర్లపాడు దగ్గర ఇఫ్కో సెజ్ ఉన్న మండలం అంటే కొంతమందికి తెలుస్తుంది. మిగతా అంతా కాలువ, వరి, మళ్ళీ కాలువ. చిన్నాయన చిన్న కాంట్రాక్టరు. కాంట్రాక్టరు అనగానే సినిమాల్లోలాగా తెల్ల చొక్కాలూ, నాలుగు సుమోలూ ఊహించుకోకండి. ఆయనకున్నది ఒక కాంక్రీటు మిల్లరు, ఒక పాత ట్రాక్టరు, అవసరానికి పిలిస్తే వచ్చే పదిహేనుమంది కూలీలు. బిల్లు వచ్చేదాకా సిమెంటు కొట్లో అప్పు. ఇంతే.

2022లో మా పక్కనే ఒక సిమెంటు రోడ్డు, దాని వెంబడి డ్రైను పనికి టెండరు పిలిచారు. ఏ శాఖో చెప్పను, చెప్పినా ఈ కథలో పెద్ద తేడా ఉండదు. అంచనా 38 లక్షలు. చిన్నాయన 9 శాతం లెస్‌కి వేశాడు, అంటే 34 లక్షల 58 వేలు. ఆ బిడ్ అప్‌లోడ్ చేసింది నేనే. దసరా సెలవులకి ఊళ్ళో ఉన్నాను, ఆయన డిజిటల్ కీ నా లాప్‌టాప్‌కి గుచ్చి, ఒక్కో కాగితం స్కాన్ చేసి ఎక్కించాను. అలవాటు కొద్దీ చివర్లో వచ్చిన అక్నాలెడ్జ్‌మెంటు పేజీని సేవ్ చేసి పెట్టాను. ఏ ఫైలు ఎన్నింటికి ఎక్కిందో అన్నీ అందులో వరసగా ఉంటాయి. మా ఉద్యోగంలో నేర్చుకున్న పనికొచ్చే విద్య ఏదైనా ఉందంటే అదొక్కటే, లాగ్ పారేయకపోవడం.

టెక్నికల్ బిడ్లు తెరిచారు, చిన్నాయన బిడ్ తోసేశారు. కారణం: యంత్రాల డిక్లరేషన్ జతచేయలేదు. పని రెండో ఆయనకి, 4 శాతం లెస్‌కి పోయింది. అంటే 36 లక్షల 48 వేలు.

నేను ఆ డిక్లరేషన్ జతచేశాను. నాలుగు గంటల పదిహేడు నిమిషాలకి. లాగ్ ఉంది.

చిన్నాయన ముందు ఆఫీసు చుట్టూ తిరిగాడు. "అర్జీ ఇచ్చి పోండి, చూస్తాం" అన్నారు. ఈలోపు రెండో ఆయనతో అగ్రిమెంటు అయిపోతుందని తెలిసి హైకోర్టుకి పోయాడు. పొమ్మన్న వాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకే ఈ లెక్క నన్ను కూడా కుడుతోంది.

హైకోర్టు అంటే ఇప్పుడు అమరావతి, నేలపాడు. సాయంత్రం నెల్లూరులో పినాకిని ఎక్కి, రాత్రి బెజవాడలో దిగి, లాడ్జీలో పడుకుని, పొద్దున్నే అక్కడికి చేరాలి. మన కేసు వస్తుందో రాదో లిస్టు చూసి కూడా చెప్పలేం. "కౌంటరు వెయ్యడానికి టైము కావాలి" అని ప్రభుత్వ వకీలు నాలుగుసార్లు అడిగారు, నాలుగుసార్లూ ఇచ్చారు. అలా పదకొండు ట్రిప్పులు. వకీలు రానక్కర్లేదంటాడు, చిన్నాయన మనసు ఊరుకోదు.

స్టే అడిగితే ఇవ్వలేదు. ప్రభుత్వం తరఫున చూపించింది ఎన్.జి.ప్రాజెక్ట్స్ అని 2022 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. దాని సారాంశం ఇది: టెండర్లలో జడ్జీలు పనులు ఆపకండి, మౌలిక వసతుల పనులు ఆగితే నష్టం జనానిది, అన్యాయంగా పక్కన పెట్టారని తేలితే ఆ బిడ్డరు నష్టపరిహారం అడుక్కోవాలి. 2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి చేసిన సవరణ కూడా ఆ దారిలోదే, మౌలిక వసతుల ప్రాజెక్టులకి ఆలస్యం కలిగేలా ఇంజంక్షన్లు ఇవ్వొద్దంటుంది. సరే, ఈ వాదనలో న్యాయం లేదనను. ఆ రోడ్డు మీద మా ఇంటివాళ్ళు కూడా నడుస్తారు. మా జడ్జిగారు "పని తుది తీర్పుకి లోబడి ఉంటుంది" అని ఒక లైను రాసి వదిలారు. సిమెంటు ఏ తీర్పుకీ లోబడదు కదా, రాత్రికి పోస్తే పొద్దుటికి గట్టిపడుతుంది.

ఆఖరికి కౌంటరు వచ్చింది. అందులో ఏముందనుకున్నారు? "డిక్లరేషన్ ఉంది గానీ, నిర్ణీత నమూనాలో లేదు" అని! ముందు లేదన్నారు, ఇప్పుడు ఉంది గానీ బాగోలేదంటున్నారు. ఇక్కడ మా వకీలు నిజంగానే బాగా వాదించాడని చెప్పాలి. ఒక ఉత్తర్వు ఇచ్చేటప్పుడు రాసిన కారణంతోనే అది నిలవాలి, తర్వాత అఫిడవిట్లో కొత్త కారణాలు అతికించి దాన్ని నిలబెట్టకూడదని మొహీందర్ సింగ్ గిల్ కేసులో 1977లోనే సుప్రీంకోర్టు చెప్పింది. జడ్జిగారు అదే పట్టుకుని తిరస్కరణ తప్పన్నారు. కానీ అప్పటికి 2024 జనవరి. రోడ్డు పడి, దాని మీద లారీలు తిరిగి, ఒకచోట గుంట కూడా పడింది. "పని పూర్తయినందున ఇక ఈ దశలో చేయగలిగింది లేదు, నష్టపరిహారం కావాలంటే పిటిషనరు సివిలు కోర్టుకి వెళ్ళొచ్చు" అన్నారు. ఆ తర్వాత ఆ ఆఖరి వాక్యం.

మనవాళ్ళకి కోర్టు తీర్పంటే గెలిచామా ఓడామా అన్నదే. నేనూ ఆ రోజు ఫోనులో "కంగ్రాట్స్ చిన్నాయనా" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

అప్పట్నుంచి ఖాళీ దొరికినప్పుడల్లా ఈ ఖర్చుల సంగతి చదువుతున్నాను. నేను లాయర్ని కాను, చదివింది ఇంజినీరింగు. కాబట్టి నాకు అర్థమైన భాషలో చెప్తాను.

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 35వ సెక్షన్ అని ఉంది. దాని ప్రకారం ఖర్చుల డిఫాల్ట్ వాల్యూ "ఓడినవాడు కట్టాలి". జడ్జి అలా వద్దనుకుంటే ఎందుకు వద్దో కారణం రాతపూర్వకంగా చెప్పాలి. అంటే చట్టం రాసినవాళ్ళు బుర్ర పెట్టే రాశారు. మరి చిన్నాయనకి ఎందుకు వర్తించలేదు? ఎందుకంటే ఆయన వేసింది సూటు కాదు, 226వ అధికరణం కింద రిట్. 1976 సవరణలో 141వ సెక్షన్‌కి ఒక వివరణ తగిలించి, రిట్లకి ఈ కోడ్ వర్తించదని తేల్చేశారు. హైకోర్టుకి ఖర్చులు వేసే అధికారం లేదని కాదు, నిక్షేపంగా ఉంది. కానీ అది పూర్తిగా జడ్జి ఇష్టం. ఇష్టం అన్నచోట అలవాటు వచ్చి కూర్చుంటుంది. రిట్లలో ఆ అలవాటు పేరు "ఖర్చుల విషయంలో ఉత్తర్వు లేదు". ఒకే పని, కోర్టులో ఏ తలుపు తట్టామన్నదాన్ని బట్టి డిఫాల్ట్ తిరగబడిపోతుంది. ప్రభుత్వ టెండర్ల మీద దాదాపు అందరూ తట్టేది రెండో తలుపే.

పోనీ మొదటి తలుపు సంగతైనా గొప్పగా ఉందా అంటే, కాయితం మీద ఉంది. సేలం అడ్వొకేట్ బార్ అసోసియేషన్ కేసులో 2005లో సుప్రీంకోర్టు, ఖర్చులంటే నామమాత్రం కాదు, నిజంగా అయిన న్యాయమైన ఖర్చు అని చెప్పింది. గెలిచినవాడు కోర్టు చుట్టూ తిరిగిన సమయం, ప్రయాణం, బస కూడా లెక్కలోకి రావాలంది. మా పిన్నమ్మ కాగితంలో ఉన్నవి అవే! కానీ అందుకు తగ్గ రూల్సు హైకోర్టులు రాసుకోవాలి. రూల్సు లేకపోతే ఏమవుతుందో 2011లో తెలిసింది. ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో అసలు ఖర్చు మొత్తం, అంటే 45 లక్షల 28 వేలు, ఓడినవాళ్ళు కట్టాలంది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. రూల్సులో ఎంత ఉంటే అంతే అంది. అదే తీర్పులో, దురుద్దేశంతో వేసే కేసులకి 35-ఏ సెక్షన్ కింద వేసే పరిహారం పరిమితి మూడు వేలంటే నవ్వులాటగా ఉంది, లక్షకి పెంచండి అని సూచించింది. ఆ మరుసటి ఏడాది లా కమిషన్ కూడా ఖర్చుల మీద ప్రత్యేకంగా ఒక నివేదిక ఇచ్చింది, 240వది. అప్పుడు ఛైర్మన్ మన తెలుగాయనే, జస్టిస్ పి.వెంకటరామరెడ్డి. 2015లో వచ్చిన కమర్షియల్ కోర్టుల చట్టం వాణిజ్య వివాదాల వరకూ కొంత బాగుచేసింది. అక్కడ ఆ మూడు వేల పరిమితి లేదు. రిట్ వేసిన చిన్నాయనకి దానివల్ల ఒరిగిందేమీ లేదనుకోండి.

ఇంతకీ టెండరు కేసుల్లో ఖర్చులు పూర్తిగా వేసిన సందర్భమే లేదా అంటే, ఉంది. మన పక్క రాష్ట్రందే. తమిళనాడు ప్రభుత్వం మద్యం సీసాలకి అతికించే హోలోగ్రామ్ లేబుళ్ళకి టెండరు పిలిస్తే, ఓడిపోయే అవకాశమున్న కంపెనీలు షరతుల మీద కోర్టుకెక్కాయి. 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, ఉఫ్లెక్స్ కేసని, ఆ సవాలు చెల్లదని తేల్చి, వాణిజ్య వ్యవహారాల్లో ఓడినవాడే ఖర్చు భరించాలని వివరంగా రాసింది. ఉఫ్లెక్స్ కంపెనీకి 23,25,750 రూపాయలు, తమిళనాడు ప్రభుత్వానికి 7,58,000 రూపాయలు ఇప్పించింది. ఆ చివరి 750 చూడండి. గుండుగుత్తగా పాతిక వేలో లక్షో వేసింది కాదు, లెక్క చూసి ఇచ్చింది. అంటే ఇలా చెయ్యడం మన కోర్టులకి చేతకాని పనేం కాదు.

నాకు నచ్చిన తీర్పే అది. కానీ ఒక్కసారి ఎవరు ఎవరికి కట్టారో చూడండి. సవాలు చేసి ఓడినవాళ్ళు ప్రభుత్వానికీ, టెండరు దక్కినవాళ్ళకీ కట్టారు. అంతకు చాలా ముందే, 1998లో రౌనక్ ఇంటర్నేషనల్ కేసులో, టెండరు మీద మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకున్నవాడు ఆలస్యానికి జవాబుదారీ కావాలి, అవసరమైతే ముందే పూచీ పెట్టించండి అని సుప్రీంకోర్టు చెప్పింది. రెండూ న్యాయమైన మాటలే. అయితే ఇదే కొలత ఎదురు దిక్కున ఎక్కడుంది? సవాలు చేసి గెలిచినవాడికి ప్రభుత్వం ఎందుకు కట్టదు? ఓడితే ఇరవై లక్షలు పోతాయి, గెలిస్తే చేతికి ఏమీ రాదు. ఇలాంటి పందెం కాసేవాడు పెద్ద కంపెనీ అయినా అయ్యుండాలి, మా చిన్నాయనలాంటి మొండివాడైనా అయ్యుండాలి.

పెద్ద కంపెనీల సంగతే వేరు. మన దగ్గర టెండరు, కోర్టు అనగానే గుర్తొచ్చేది పోలవరం. 2019లో మూడు వేల కోట్ల పైచిలుకు జలవిద్యుత్ కేంద్రం కాంట్రాక్టు రద్దుచేస్తే నవయుగ కోర్టుకెళ్ళింది. మా జిల్లాలో కృష్ణపట్నం పోర్టు కట్టినవాళ్ళే. ఆగస్టులో స్టే వచ్చింది, అక్టోబరు ఆఖరుకి పోయింది, పని మేఘాకి వెళ్ళింది. అంత పెద్ద లెక్కలో వకీలు ఫీజు ఎంతైనా దశాంశం తర్వాత అంకె. అదే ఏడాది వంద కోట్లు దాటిన పనుల టెండర్లని ముందే ఒక జడ్జి చూసేలా జ్యుడీషియల్ ప్రివ్యూ చట్టం కూడా తెచ్చారు. 2024లో దాన్ని రద్దుచేశారు. ఆ చట్టం మంచిదా కాదా అన్నది ఇక్కడ వద్దు, అది మొదలుపెడితే పార్టీల గొడవలోకి పోతాం. నేననేది ఒక్కటే, ఉన్నన్నాళ్ళూ కూడా అది వంద కోట్ల వాళ్ళదే. 38 లక్షల రోడ్డుకి ప్రివ్యూ చూసే జడ్జి ఎవరూ ఉండరు. కింది స్థాయిలో తప్పు పట్టుకునే ఏకైక వ్యవస్థ, ఆ టెండరు వేసి పోగొట్టుకున్నవాడే. వాడికి తప్పు పట్టుకున్నందుకు జరిమానా వేస్తున్నాం.

ఇది మాట వరసకి అనడం లేదు. చిన్నాయన వేసిన రేటుకీ పని దక్కినాయన రేటుకీ తేడా 1 లక్షా 90 వేలు. అది ఖజానాది. దాన్ని కాపాడటానికి ప్రయత్నించి చిన్నాయన పెట్టుకున్నది 1 లక్షా 43 వేలు. అందులో వకీలు ఫీజు రెండు విడతలుగా 1,10,000, టైపింగు, జిరాక్సులు, కోర్టు ఖర్చులు 9,000, పదకొండు ప్రయాణాలకి 24,000. పోయిన లాభం ఇందులో లేదు. తిరిగిన రోజుల్లో పోయిన కూలి లేదు. ప్రభుత్వం వైపు కూడా వకీలు, ఫైళ్ళు, అధికారుల సమయం అన్నీ ఖర్చే, అదీ మన డబ్బే. ఇంతమంది డబ్బూ పోయింది. నిర్ణీత నమూనా అని కౌంటరు రాసినవాళ్ళది ఒక్క రూపాయి పోలేదు.

సివిలు కోర్టుకి వెళ్ళొచ్చన్నారు కదా, వెళ్ళొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. నేనూ అదే అన్నాను. ప్రభుత్వం మీద దావా వెయ్యాలంటే ముందు 80వ సెక్షన్ కింద నోటీసిచ్చి రెండు నెలలు ఆగాలి. అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు ముందే కట్టాలి. తర్వాత నెల్లూరులో ఎన్నేళ్ళు నడుస్తుందో ఆ దేవుడికెరుక. రంగనాయకస్వామికి మొక్కుకుని వెయ్యాల్సిందే. మళ్ళీ అందులో గెలిచినా, "లాభం ఇంత వచ్చేదని ఏం నమ్మకం?" అంటారు. చిన్నాయన ఒక్క మాటలో తేల్చేశాడు. "ఒక గెలుపు చాల్లే, ఇంకొకటి గెలిచే ఓపిక లేదు."

ఇప్పుడు అమెరికా సంగతి. ఊరికే అమెరికా గొప్ప అని చెప్పేవాళ్ళలో నేను లేను, కానీ ఇది నా ఉద్యోగంలో నేను చూసింది. రెండేళ్ళ కిందట మా క్లయింటుకి అక్కడి ప్రభుత్వ కాంట్రాక్టు ఒకటి వచ్చింది. మేం ఇక్కడ టీం కూడా తయారుచేసుకున్నాం. వారంలో ఇంకో కంపెనీ ప్రొటెస్ట్ వేసింది. అంతే, మొత్తం ఆగిపోయింది. నేను మూడు నెలలు బెంచి మీద కూర్చుని శిక్షణ వీడియోలు చూశాను. అప్పుడు ఆ ప్రొటెస్ట్ వేసినవాణ్ణి రోజూ తిట్టుకున్నాను. చిన్నాయన వల్ల ఎవరైనా ఇలాగే తిట్టుకుని ఉంటారని తర్వాతెప్పుడో తట్టింది :)

అక్కడ 1984లో చేసిన చట్టం ప్రకారం, ఓడిన బిడ్డరు జీఏఓ అనే సంస్థకి ఫిర్యాదు చెయ్యొచ్చు. గడువు లోపల వేస్తే పని తనంతట తానే ఆగుతుంది, తప్పదనుకుంటే శాఖ కారణం రాసి ముందుకు పోవచ్చు. జీఏఓ వంద రోజుల్లో తేల్చాలి. ఫిర్యాదు నిజమని తేలితే, లాయరు ఫీజుతో సహా ఫిర్యాదు ఖర్చులు, కొన్నిసార్లు బిడ్ తయారుచేసిన ఖర్చు కూడా ఇమ్మని ఆ శాఖకి సిఫారసు చేస్తుంది. అరవై రోజుల్లో గంటల లెక్కతో సహా బిల్లు పెట్టుకోవాలి. లాయరు ఫీజుకి గంటకి 150 డాలర్లని ఒక పరిమితి ఉంది. ఇక్కడ నాకు భలే నచ్చిన సంగతేమంటే, ఆ పరిమితి పెద్ద కంపెనీలకే, చిన్న వ్యాపారులకి లేదు. చిన్నవాడు గట్టి లాయర్ని పెట్టుకోగలగాలి అన్న ఆలోచన చట్టంలోనే ఉంది. ఇంకోటి, ఫిర్యాదు స్పష్టంగా నిజమని తెలిసి కూడా శాఖ నాన్చి నాన్చి చివర్లో దిద్దుకుంటే, అప్పుడు కూడా ఖర్చులు ఇప్పిస్తారు. నాలుగుసార్లు కౌంటరుకి టైము అడిగేవాళ్ళకి మందు ఇదే.

ఖర్చులు ఇప్పిస్తే అందరూ కోర్టులకెక్కుతారు అనే వాదన ఒకటుంది. నాకు అర్థం కాని వాదన అది. గెలిస్తేనే కదా వచ్చేది. ఓడేవాడు ఉఫ్లెక్స్ కేసులోలాగా కట్టాలి. అసలు పని ఆపడానికే, పోటీదారుణ్ణి బేరానికి దించడానికే రిట్లు వేసే ఘనులు మా జిల్లాలోనూ ఉన్నారు. రిట్ వేసి, నెల తిరక్కుండా "సెటిల్ అయింది" అని ఉపసంహరించుకుంటారు. వాళ్ళ చేత కట్టిస్తే నాకు ఇంకా సంతోషం. ఒకవైపే కట్టించే పద్ధతి మీదే నా కోపం.

ఇంకో వాదన కొంచెం బలమైనది. కట్టేది ప్రభుత్వమంటే మన పన్నులే కదా, అధికారికి ఏం నొప్పి? దీనికి మా జిల్లా కేసే ఒకటి ఉంది. ఒక మహిళా రైతు భూమి ప్రభుత్వం తీసుకుని, 2017లో హైకోర్టు చెప్పినా పరిహారం ఇవ్వకుండా ఏళ్ళు గడిపారు. 2021 సెప్టెంబరులో కోర్టు ధిక్కారం కింద అధికారులకి శిక్షలు వేసి, ఆమెకి లక్ష రూపాయల ఖర్చులిచ్చి, అది అధికారుల జీతాల్లోంచి రాబట్టమన్నారు. అప్పీలు చేసుకునేందుకు శిక్షల్ని నెల రోజులు ఆపారు కూడా. ప్రభుత్వం ముందు బాధితుడికి కట్టి, తర్వాత బాధ్యుడి దగ్గర వసూలు చేసుకోవాలన్న మాట సుప్రీంకోర్టు 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో చెప్పింది. కానీ ప్రతి టెండరుకీ ఇది చెయ్యమని నేననను. అలా చేస్తే ఏ ఇంజినీరూ ఏ ఫైలు మీదా సంతకం పెట్టడు, అన్నీ పైకి పంపిస్తాడు, పనులు అసలే సాగవు. పొరపాటుకి శాఖ కట్టాలి. ఉందని తెలిసి లేదని రాసినదానికి రాసినవాడు కట్టాలి. ఈ రెండిటి మధ్య తేడా లాగ్ చూస్తే తెలిసిపోతుంది, అంత కష్టమేం కాదు.

నన్నడిగితే, స్టే ఇవ్వకపోవడమే పద్ధతి అనుకున్నాక ఖర్చులు ఇవ్వడం దయ కాదు, ఆ పద్ధతిలో మిగతా సగం. పని ఆపం, తర్వాత నష్టపరిహారం చూసుకోండి అన్నారు కదా, ఆ తర్వాత అనేది ఇంకో కోర్టులో ఇంకో పదేళ్ళుగా కాకుండా, అదే ఆర్డరులో కనీసం వకీలు ఫీజు, ప్రయాణాలు, బిడ్ ఖర్చు వరకైనా ఇచ్చెయ్యాలి. పోయిన లాభం కావాలంటే సివిలు కోర్టుకి పంపండి, ఒప్పుకుంటాను. రిట్ రూల్సులో 35వ సెక్షన్ లాంటి ఒక్క వాక్యం చాలు: ఖర్చు వెయ్యకపోతే ఎందుకో రాయాలి. ఒక్క లైను మార్పు. మా భాషలో దీన్ని చిన్న పాచ్ అంటారు, రిలీజ్ ఆపాల్సిన పని కూడా లేదు.

అయితే మా వైపు తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఆర్డరు కాపీతో పాటు మా పిటిషను కూడా మళ్ళీ చదివాను. అందులో మేం ఖర్చులు అడగనే లేదు! వకీలుకి ఫోన్ చేస్తే "అడిగితే జడ్జిగారు చిరాకు పడతారు, అసలుకే మోసం వస్తుంది" అన్నాడు. నిజమే కావచ్చు, ఆయన అనుభవం ఆయనది. మరి అడగనిదానికి కోర్టుని ఎంతవరకు అనాలి? పైగా లక్షా పది వేల ఫీజుకి మా దగ్గర రసీదు లేదు. ఒక విడత నగదు, ఒక విడత ఎవరి ఖాతాకో ఫోన్‌పే. జడ్జిగారు నిజంగానే "సరే, లెక్క పెట్టండి" అని ఉంటే, మేం చూపించగలిగేది లాడ్జీ రసీదులూ, పినాకిని టిక్కెట్లే. ఉఫ్లెక్స్ వాళ్ళు 750 రూపాయల దాకా లెక్క చూపించగలిగారంటే వాళ్ళ దగ్గర బిల్లులున్నాయి. మీలో ఎవరైనా, మీ ఇంట్లో ఎవరైనా ఇలా కోర్టుకి పోతుంటే, ఫీజు చెక్కుతోనో బ్యాంకు ద్వారానో వకీలు పేరుకే ఇచ్చి రసీదు తీసుకోండి. పిటిషనులో ఖర్చులు కావాలని ఒక వాక్యం రాయించండి. తుది వాదనల రోజున ఖర్చుల పట్టిక మెమోగా వేయించండి. వస్తుందని హామీ లేదు గానీ, ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో అప్పీలులో అడగడానికి ఒక ఆధారం ఉంటుంది.

ఇదంతా చిన్నాయనకి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "అంటే ఈ తూరి పోయినప్పుడు ఇవన్నీ చెయ్యాలంటావు" అన్నాడు. ఈ తూరి ఏంది చిన్నాయనా అంటే, పిన్నమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా బయటికొచ్చింది. వచ్చే వారం ఏదో డ్రైను పనికి టెండరు గడువంట. నా లాప్‌టాప్ తెచ్చుకోమని చెప్పడానికి ఫోన్ చేద్దామనుకుంటుండగా నేనే వచ్చానంట.

ఆ రాత్రి కూర్చుని పదమూడు ఫైళ్ళు ఎక్కించాం. యంత్రాల డిక్లరేషన్ నిర్ణీత నమూనాలోనే ఉందా అని మూడుసార్లు చూశాను. అక్నాలెడ్జ్‌మెంటు రెండు కాపీలు తీసి, ఒకటి నేను దాచుకున్నాను, ఒకటి పిన్నమ్మ ఆ కవర్లో పెట్టింది.